అప్‌లింక్, డౌన్‌లింక్ ఢీకొంటే: పేటెంట్ వచ్చేది తీర్పుకా, బ్రేకు లెక్కకా?

సింగిల్ లైన్ మీద నడిచే పాసింజర్ ఎక్కినవాళ్లకి "క్రాసింగ్ పడింది" అంటే ఏంటో వేరే చెప్పక్కర్లేదు. ఏదో చిన్న స్టేషన్లో బండి ఆగుతుంది, ఎందుకాగిందో ఎవరూ చెప్పరు, పావుగంటకో అరగంటకో ఎదురు నుంచి ఎక్స్‌ప్రెస్ దడదడమంటూ వెళ్లిపోతుంది, అప్పుడుగానీ మన బండి కదలదు. చవక రకం వైర్‌లెస్ చిప్‌ల పరిస్థితి కూడా ఇంతే. నీళ్ల మీటర్లో పెట్టే ఎన్‌బీ-ఐఓటీ (చిన్న పరికరాలు మొబైల్ టవర్ ద్వారా కొద్దికొద్దిగా డేటా పంపే పద్ధతి) మాడ్యూల్ మాట్లాడుతూ వినలేదు, వింటూ మాట్లాడలేదు. అది టవర్‌కి పంపేది అప్‌లింక్, టవర్ నుంచి దానికి వచ్చేది డౌన్‌లింక్, ఒకటి నడుస్తున్నంతసేపు రెండోది ఆగాల్సిందే. దీన్ని హాఫ్ డూప్లెక్స్ అంటారు.

మరి రెండూ ఒకే క్షణానికి పడితే? ఏది ఆగాలి, ఏది వెళ్లాలి, ఆగేది మొత్తం ఆగాలా సగమే ఆగాలా, ఆ సంగతి ఎవరు ఎవరికి ఎప్పుడు చెప్పాలి? ఈ చిన్న తగాదా తీర్చే పద్ధతుల మీద టెలికాం కంపెనీలు ఏళ్ల తరబడి పేటెంట్ దరఖాస్తులు వేస్తూనే ఉన్నాయి. బయటినుంచి చూసేవాళ్లకి ఇది వింతగానే ఉంటుంది. "ఎక్స్‌ప్రెస్ ముందు, పాసింజర్ తర్వాత" అని స్టేషన్ మాస్టర్ పెట్టుకున్న రూలుకి పేటెంటేంటి అనిపిస్తుంది. అలా అనిపించడంలో తప్పేం లేదు, దరఖాస్తుని పరిశీలించే పేటెంట్ ఆఫీసు ఎగ్జామినర్‌కి కూడా మొదట వచ్చే అనుమానం అదే. కానీ అదే స్టేషన్లో ఇంకో లెక్క ఉంది. సిగ్నల్ ఎర్రగా మారాక బండి ఆగడానికి ఎంత దూరం కావాలి, అంత దూరం లేకపోతే ఏం చేయాలి అన్నది. మొదటిది ఎవరు ముందన్న తీర్పు. రెండోది ఇనుము, బరువు, వేగం కలిసి చెప్పే లెక్క. ఈ రంగంలో ఒక పేటెంట్ గట్టిగా నిలబడిందంటే, చాలావరకు ఆ రెండోదాని మీదే నిలబడుతుంది.

ఢీ ఎక్కడ పడుతుంది

అప్‌లింక్‌కి ఒక ఫ్రీక్వెన్సీ, డౌన్‌లింక్‌కి ఇంకో ఫ్రీక్వెన్సీ ఇస్తే ఎఫ్‌డీడీ. ఒకే ఫ్రీక్వెన్సీని టైము పంచుకుని వాడితే టీడీడీ. మన దేశంలో 2022 అక్టోబరులో మొదలైన 5జీకి ఇచ్చిన 3300 మెగాహెర్ట్జ్ బ్యాండ్ టీడీడీయే. మామూలు ఎఫ్‌డీడీ ఫోన్లో ఈ తగాదా పెద్దగా రాదు, ఎందుకంటే అందులో డూప్లెక్సర్ అనే ఫిల్టర్ రెండు దారుల్నీ విడగొట్టి ఉంచుతుంది. కానీ ఆ డూప్లెక్సర్‌కి ఖర్చవుతుంది, చోటూ పడుతుంది. చిప్ చవగ్గా రావాలంటే దాన్ని పీకేయాలి, పీకేస్తే హాఫ్ డూప్లెక్స్ ఎఫ్‌డీడీ వస్తుంది, దాని వెనకే ఈ తలనొప్పీ వస్తుంది.

4జీ ప్రమాణంలో దీనికి రెండు రకాలున్నాయి. ఎ రకం పరికరం అప్‌లింక్ మొదలయ్యే ముందు వచ్చే డౌన్‌లింక్ సబ్‌ఫ్రేమ్ (ఒక మిల్లీసెకను టైము ముక్క) చివరి భాగాన్ని వినకుండా వదిలేస్తుంది. బి రకం పరికరం అప్‌లింక్‌కి ముందు ఒక సబ్‌ఫ్రేమ్, వెనక ఒక సబ్‌ఫ్రేమ్ పూర్తిగా వదిలేస్తుంది, అంటే చెరో మిల్లీసెకను. 2016లో వచ్చిన ఎన్‌బీ-ఐఓటీ బి రకమే. అంత ఉదారంగా వదలడం ఎందుకంటే, పంపడానికీ వినడానికీ ఫ్రీక్వెన్సీని తయారు చేసే ఆసిలేటర్ ఒక్కటే పెట్టుకుని దాన్నే అటూ ఇటూ ట్యూన్ చేసుకునేంత చవక చిప్‌లకి కూడా పని జరగాలని.

5జీలో లెక్క ఇంకా బిగువు. 30 కిలోహెర్ట్జ్ సబ్‌క్యారియర్ (బ్యాండ్‌ని కోసుకున్న సన్నని ఫ్రీక్వెన్సీ పట్టీ) వాడే నెట్‌వర్క్‌లో స్లాట్ అనే టైము ముక్క అర మిల్లీసెకను, అందులో సింబల్స్ అనే ఇంకా చిన్న ముక్కలు 14, ఒక్కో సింబల్‌కి సుమారు 36 మైక్రోసెకన్లు. హాఫ్ డూప్లెక్స్ పరికరం వినడం ఆపి మాట్లాడటానికి మారేందుకు మామూలు మొబైల్ బ్యాండ్లలో ఇచ్చే టైము దాదాపు 13 మైక్రోసెకన్లు. టవర్ "పంపు" అన్నాక అప్‌లింక్ డేటా సిద్ధం చేసుకోవడానికి సాధారణ సామర్థ్యం ఉన్న ఫోన్‌కి కావాల్సింది 12 సింబల్స్, అంటే 430 మైక్రోసెకన్లకు కాస్త తక్కువ. ఈ 13, ఈ 12 గుర్తుంచుకోండి, ముందు ముందు పనికొస్తాయి.

ఇంకో సంగతి కూడా ఉంది, దూరం. రేడియో తరంగం మైక్రోసెకనుకి 300 మీటర్లు పోతుంది. టవర్‌కి 6 కిలోమీటర్ల అవతల ఉన్న పరికరం నుంచి సిగ్నల్ సరైన వేళకి చేరాలంటే, తనకి వినిపించే గడియారం కంటే 40 మైక్రోసెకన్లు ముందే పంపడం మొదలుపెట్టాలి, రానూ పోనూ పట్టే టైము అది. అంటే ఒక సింబల్ కంటే ఎక్కువే. కాబట్టి టవర్ కాగితం మీద ఒకదాని పక్కన ఒకటి బుద్ధిగా ఉన్న డౌన్‌లింక్, అప్‌లింక్‌లు ఫోన్ దగ్గరికొచ్చేసరికి ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చుంటాయి. షెడ్యూల్‌లో ఎక్కడా ఢీ లేదు, పరికరంలో మాత్రం ఉంది. పేటెంట్ల వాళ్లకి ఇలాంటి చోట్లంటే మహా ఇష్టం.

ఈ ఢీలకి ప్రమాణంలో ఇప్పటికే కొన్ని రూళ్లు ఉన్నాయి. 2018 నాటికి కుదురుకున్న రిలీజ్ 15లో (రిలీజ్ అంటే ప్రమాణంలో ఒక విడత, 15 మొదటి 5జీ విడత) ప్రతి సింబల్‌కీ డౌన్‌లింక్, అప్‌లింక్, లేదా ఫ్లెక్సిబుల్ అని ముద్ర వేస్తారు. ఫ్లెక్సిబుల్ సింబల్స్ మీద ముందే ఖరారైన అప్‌లింక్ ఏదో ఉందనుకుందాం. ఇంతలో టవర్ కంట్రోల్ సందేశం పంపి, అదే చోట నీకు డౌన్‌లింక్ డేటా ఇస్తున్నా అంటుంది. అప్పుడు ఆఖరున చెప్పిన మాటే చెల్లుతుంది, అప్‌లింక్ రద్దు. అయితే సందేశం అందిన వెంటనే రద్దు చేసెయ్యమని ఫోన్‌ని ఒత్తిడి పెట్టరు, పైన చెప్పిన సన్నద్ధత టైము గడిచాక వచ్చే సింబల్స్‌నే రద్దు చేయమంటారు. ఫోన్లు నెట్‌వర్క్‌ని పట్టుకోవడానికి వాడే సింక్రనైజేషన్ సిగ్నల్ ఉన్న సింబల్స్ జోలికి మాత్రం అప్‌లింక్ పోకూడదు. ఇక రెండు వైపులా అప్పటికప్పుడు చెప్పిన ఆదేశాలే ఢీకొంటే? అలా జరుగుతుందని పరికరం అనుకోదు, అని రాసి ఊరుకుంటారు. టవర్ అలాంటి పొరపాటు చేయకూడదని దాని అర్థం. 2022లో ఖరారైన రిలీజ్ 17లో రెడ్‌క్యాప్ అనే తక్కువ ఖరీదు పరికరాలకి హాఫ్ డూప్లెక్స్ ఎఫ్‌డీడీ తెచ్చినప్పుడు కూడా మూలసూత్రం దాదాపు ఇదే.

ఒక క్లెయిమ్‌ని బల్ల మీద పెడితే

క్లెయిమ్ అంటే దరఖాస్తు చివర్లో "ఇంతవరకు నాది" అని గీసుకునే గీత. ఊహించుకుని ఒకటి రాద్దాం.

మొదటి రూపం: "అప్‌లింక్, డౌన్‌లింక్ ప్రసారాలు ఒకే సమయానికి పడినప్పుడు వాటి ప్రాధాన్యాలను పోల్చి, ఎక్కువ ప్రాధాన్యం ఉన్నదాన్ని ఉంచి, తక్కువదాన్ని వదిలేసే పద్ధతి."

ఇది స్టేషన్ మాస్టర్ రూలు. ఎక్కడా నిలబడదు, నిలబడకూడదు కూడా. ప్రాధాన్యం ఎలా వచ్చింది, ఎందుకు వచ్చింది, వదిలేయడం పరికరంలో ఎలా జరుగుతుంది, ఏమీ లేదు.

రెండో రూపం: "హాఫ్ డూప్లెక్స్ పరికరం తనకి ముందే కేటాయించిన అప్‌లింక్ మీద డౌన్‌లింక్ పడుతోందని కంట్రోల్ సందేశం ద్వారా తెలుసుకుని, ఆ సందేశం చివరి సింబల్ నుంచి అప్‌లింక్ మొదటి సింబల్ దాకా ఉన్న వ్యవధి తన సన్నద్ధత టైము కంటే తక్కువని నిర్ధారించి, ఆ టైములోపు పడే సింబల్స్‌ని పంపి, మిగతావి రద్దు చేసి, స్విచింగ్ టైము గడిచాక డౌన్‌లింక్‌ని స్వీకరించడం."

ఇందులో బ్రేకు లెక్క ఉంది. 12 సింబల్స్ ఉంది, 13 మైక్రోసెకన్లు ఉంది, హార్డ్‌వేర్ తక్షణం ఆగలేదన్న భౌతిక సత్యం ఉంది. ఇది సాంకేతికం కాదని ఎవరూ గట్టిగా వాదించలేరు. కాకపోతే దీని సారమంతా రిలీజ్ 15లో ఉండనే ఉంది కాబట్టి, ఇవాళ వేస్తే పాతదని కొట్టేస్తారు. 2017కి ముందే వేసి ఉంటే కథ వేరు.

మూడో రూపం కోసం ఒక మెలిక పెడదాం. టవర్ అప్‌లింక్‌ని డీకోడ్ చేయాలంటే అందులో పైలట్ సింబల్ (దారిలో సిగ్నల్ ఎలా మారిందో పోల్చుకోవడానికి పంపే, టవర్‌కి ముందే తెలిసిన సిగ్నల్) ఉండాలి. కోత పడే చోట పైలట్ కూడా పోతుంటే, మిగిలిన ముక్క పంపడం దండగ, బ్యాటరీ ఖర్చు, పక్కవాళ్లకి ఇంటర్‌ఫియరెన్స్. అందుకని "పైలట్ కోతకి ముందే ఉంటే ముక్క పంపు, కోతలో పడితే మొత్తం ఆపు" అని షరతు. బాగుంది కదా? బాగానే ఉంది. కానీ పైలట్ లేకపోతే డీకోడ్ కాదని ఈ పనిలో ఉన్న ప్రతి ఇంజనీరుకీ తెలుసు, ఎగ్జామినర్ రెండు పత్రాలు పక్కపక్కన పెట్టి ఇది తట్టే ఆలోచనే అంటాడు. ఆ మాటకి జవాబు దరఖాస్తులోనే ఉండాలి. లేకపోతే పేటెంట్ ఏజెంటు ఎంత తిప్పలు పడినా లాభం లేదు.

అసలిది పేటెంట్ ఇవ్వదగ్గ విషయమేనా

మన పేటెంట్ చట్టంలో సెక్షన్ 3(కె) ఉంది. గణిత పద్ధతి, వ్యాపార పద్ధతి, కేవలం కంప్యూటర్ ప్రోగ్రామ్, అల్గారిథమ్, ఇవేవీ ఆవిష్కరణలు కావని అది చెబుతుంది. 2002 సవరణతో వచ్చి 2003 నుంచి అమల్లో ఉంది. ఇందులో "కేవలం" అనే మాట కంప్యూటర్ ప్రోగ్రామ్ పక్కనే ఉంది, అల్గారిథమ్ పక్కన లేదు. ఢీ తీర్చే పద్ధతిని "అడుగు ఒకటి, అడుగు రెండు, అయితే ఇది, కాకపోతే అది" అని రాసుకుంటూ పోతే చూడ్డానికి అచ్చం అల్గారిథమ్‌లాగే ఉంటుంది. అందుకే మొదటి ఎగ్జామినేషన్ రిపోర్టులోనే 3(కె) అబ్జెక్షన్ పడితే ఆశ్చర్యపోనక్కర్లేదు.

2016 ఫిబ్రవరిలో పేటెంట్ ఆఫీసు ఇచ్చిన మార్గదర్శకాలు ఒక అడుగు ముందుకేసి, కొత్త హార్డ్‌వేర్ ఉంటే తప్ప కుదరదన్నట్టు రాశాయి. ఢీ తీర్చే పద్ధతుల్లో కొత్త హార్డ్‌వేర్ ఎక్కడ దొరుకుతుంది? ఉన్న చిప్‌నే తెలివిగా నడపడమే కదా ఇక్కడ ఆవిష్కరణ. 2017లో ఆ షరతు తీసేశారు. 2019 డిసెంబరులో ఫెరిద్ అలానీ కేసులో ఢిల్లీ హైకోర్టు, సాంకేతిక ప్రభావం లేదా సాంకేతిక తోడ్పాటు చూపిస్తే కంప్యూటర్ ప్రోగ్రామ్ మీద ఆధారపడిందన్న ఒక్క కారణంతో కొట్టేయకూడదని చెప్పింది. 2024 మార్చిలో ఎరిక్సన్, లావా కేసులో అదే హైకోర్టు ఎనిమిది టెలికాం పేటెంట్లలో ఏడింటిని నిలబెట్టి, ఒకదాన్ని రద్దు చేసి, లావా 244 కోట్లు కట్టాలని తీర్పిచ్చింది. టెలికాం పద్ధతులకి మన దగ్గర పేటెంట్ రాదన్న మాటకి ఇక కాలం చెల్లినట్టే. రాసే తీరు తెలియకపోతే మాత్రం ఇప్పటికీ రాదు.

యూరప్ వాళ్లు ఇంకో దారిలో వెళ్తారు, ఈ విషయానికి అదే ఎక్కువ పదును అని చెప్పాలి. 2002 నాటి కామ్విక్ తీర్పు కూడా మొబైల్ ఫోన్ గొడవే. జీఎస్‌ఎమ్ సిమ్‌లో రెండు గుర్తింపులు పెట్టి, ఆఫీసు కాల్స్ ఖర్చు ఒకదానికి, సొంత కాల్స్ ఖర్చు ఇంకోదానికి వేయొచ్చన్న ఆలోచన. ఖర్చు ఎవరి మీద పడాలన్నది సాంకేతిక సమస్య కాదు, అది ఇంజనీరు చేతికి ముందే ఇచ్చిన షరతు లాంటిది, అది పోగా మిగిలిన సాంకేతిక భాగంలో కొత్త తెలివి ఉందా అని చూడాలి అన్నది యూరప్ పేటెంట్ ఆఫీసు అప్పీల్ బోర్డు. లేదని తేల్చింది, పేటెంట్ పోయింది. ఇప్పుడు ఇదే జల్లెడలో మన క్లెయిములు పోయండి. "ప్రీమియం ప్లాన్ కస్టమర్ డౌన్‌లింక్ ముందు" అన్న ప్రాధాన్యం జల్లెడలోంచి జారిపోతుంది. "పరికరానికి 13 మైక్రోసెకన్లలోపు మారడం కుదరదు కాబట్టి ఈ సింబల్ వదలాలి" అన్నది జల్లెడలో నిలుస్తుంది. తీర్పు పోతుంది, బ్రేకు లెక్క మిగులుతుంది.

అమెరికాలో, అమూర్త భావనని కంప్యూటర్ మీద నడిపినంత మాత్రాన పేటెంట్ రాదన్న 2014 నాటి సుప్రీంకోర్టు ఆలిస్ తీర్పు తర్వాత అందరికీ టెన్షనే. 2017లో టూ-వే మీడియా, కామ్‌కాస్ట్ కేసులో, పేటెంట్ అప్పీళ్లు వినే ఫెడరల్ సర్క్యూట్ కోర్టు సమాచారాన్ని దారి మళ్లించడం, పర్యవేక్షించడం లాంటి మాటలతో ఫలితాన్ని మాత్రమే చెప్పిన క్లెయిముల్ని కొట్టేసింది. 2019లో కేపీఎన్, జెమాల్టో కేసులో మాత్రం, పదే పదే వచ్చే ఒకే రకం తప్పుల్ని పాత చెకింగ్ పద్ధతి పట్టలేకపోతోందని చూపి, బిట్ల వరుస మార్చే తీరునే టైమును బట్టి మారుస్తూ దాన్ని సరిచేసిన క్లెయిముల్ని నిలబెట్టింది. రెంటికీ తేడా ఒక్కటే. రెండోదాంట్లో "ఎలా" అన్నది క్లెయిమ్‌లోనే ఉంది. 2025 ఆగస్టులో ఆప్టిస్, యాపిల్ కేసులో అదే కోర్టు, ఫోన్ తన కంట్రోల్ సమాచారాన్ని ఎక్కడి నుంచి వెతకడం మొదలుపెట్టాలో చెప్పే ఒక గణిత సూత్రం మీద ఉన్న క్లెయిముల్ని అమూర్త భావన వైపు నెట్టి, అందులో అంతకు మించి ఏమైనా ఉందేమో చూడమని కింది కోర్టుకి పంపింది. 4జీ ప్రమాణానికి తప్పనిసరి అని చెప్పుకునే పేటెంటుకే ఈ గతి పట్టిందంటే, ఢీ తీర్చే రూలుని ఒక ఫార్ములాగా రాసి వదిలేసేవాళ్లు జాగ్రత్త పడాల్సిందే.

కాకపోతే ఈ గేటు చూసి మరీ బెదిరిపోవాల్సిన పనిలేదు. రేడియో, సింబల్, స్విచింగ్ టైము క్లెయిమ్‌లో కనబడితే చాలా దరఖాస్తులు దీన్ని దాటేస్తాయి. నిజంగా చాలామంది ఆగిపోయేది తర్వాతి గేటు దగ్గర.

ఉన్నవే నాలుగు దారులు

ఢీ పడ్డప్పుడు చేయగలిగినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అప్‌లింక్ ఆపు. డౌన్‌లింక్ ఆపు. ఒకదాన్ని వెనక్కి జరుపు. లేదా ఢీకొన్న ముక్కని మాత్రం కోసేయ్. ఇంతకు మించి ఎవరికైనా ఏం తడుతుంది? 2007లో అమెరికా సుప్రీంకోర్టు కేఎస్ఆర్, టెలిఫ్లెక్స్ కేసులో చెప్పింది ఇదే: సమస్య తెలిసినదై, ముందు నుంచీ తెలిసిన పరిష్కారాలు కొన్నే ఉండి, వాటి ఫలితం ఊహించగలిగేదే అయితే, వాటిలో ఒకదాన్ని పట్టుకోవడం గొప్ప తెలివి కాకపోవచ్చు. కారు యాక్సిలరేటర్ పెడల్ మీద వచ్చిన ఆ తీర్పు టెలికాం పేటెంట్ల మీద పడేసినంత బరువు మరేదీ వేయలేదేమో అనిపిస్తుంది.

మన చట్టంలో ఇన్వెంటివ్ స్టెప్ (ఆవిష్కరణలో ఉండాల్సిన కొత్త తెలివి) నిర్వచనంలో సాంకేతిక పురోగతి లేదా ఆర్థిక ప్రాముఖ్యం, లేదా రెండూ ఉండాలి, దాంతోపాటు ఆ రంగం తెలిసినవాడికి ఇట్టే తట్టేదై ఉండకూడదు. ఆర్థిక ప్రాముఖ్యం చూపించడం టెలికాంలో కష్టమేం కాదు, కష్టమంతా ఆ చివరి మాట దగ్గరే.

మరి దాటేవి ఎలా దాటుతున్నాయి? ఒక దారి, ఢీనే కొత్తగా కనిపెట్టడం. దూరం వల్ల వచ్చే ఆ 40 మైక్రోసెకన్ల ఢీ షెడ్యూల్‌లో కనిపించదు అనుకున్నాం కదా, అలాంటిది మొదట గమనించినవాడికి పరిష్కారం తేలికైనా సరే, గమనించడమే కష్టమైన పని అని వాదించొచ్చు. యూరప్‌లో దీనికి పాత దన్ను ఉంది. 1984 నాటి టీ 2/83 కేసు కడుపుబ్బరం మాత్ర మీద. రెండు పొరల మాత్రలో ఒక పొరలోని మందు రెండో పొరలోకి చేరి పనితనం తగ్గుతోంది, మధ్యలో అడ్డు పెడితే సరిపోతుంది. అడ్డు పెట్టడం ఎవరైనా చేస్తారు, కానీ మందు అటు పోతోందని ఎవరికీ తట్టలేదు. సమస్యని పట్టుకోవడంలోనే తెలివి ఉండొచ్చని బోర్డు ఒప్పుకుంది. మాత్రలో మందు, చిప్‌లో సింబల్, వాదన ఒక్కటే.

రెండో దారి, అందరూ వెళ్లే వైపు కాకుండా ఎదురు వెళ్లడం, ఎందుకు వెళ్లారో కొలతలతో చూపించడం. ఆఖరున చెప్పిన మాటే చెల్లాలన్న రూలు అందరికీ అలవాటైపోయింది. ఫలానా పరిస్థితిలో పాత కేటాయింపునే ఉంచితే మొత్తం మీద ఆలస్యం తగ్గుతుంది అని ఎవరైనా చూపిస్తే, అది ఆ నాలుగు దారుల్లోదే అయినా ఎగ్జామినర్‌కి "ఎవరైనా ఇలాగే చేస్తారు" అనే అవకాశం తగ్గుతుంది. మూడో రూపం క్లెయిమ్‌ని బతికించాలన్నా ఇదే మార్గం. పైలట్ ఉన్నా లేకపోయినా ముక్క పంపడమే నయమని అంతకుముందు పత్రాలు చెబుతూ ఉంటే, అప్పుడు ఆ షరతుకి విలువొస్తుంది.

కొలతలు, కారణాలు దరఖాస్తు వేసిన రోజే అందులో ఉండాలి అన్నది మర్చిపోతుంటారు. యూరప్‌లో తర్వాత చేర్చనివ్వరు, మన సెక్షన్ 59 కూడా మొదట లేనిదాన్ని సవరణ పేరుతో తేనివ్వదు.

"అయితే" అన్న మాటతో వచ్చే చిక్కు

ఢీ తీర్చే పద్ధతులకే ప్రత్యేకంగా తగిలే దెబ్బ ఒకటుంది. 2016లో అమెరికా పేటెంట్ ఆఫీసు బోర్డు షుల్‌హౌజర్ అనే కేసులో చెప్పింది, అది గుండెని గమనించే పరికరం మీద. పద్ధతి క్లెయిమ్‌లో "ఇలా అయితే ఇది చేయి, అలా అయితే అది చేయి" అని రెండు కొమ్మలుంటే, ఒక్కసారి ఆ పద్ధతి నడిచినప్పుడు జరిగేది ఒక్క కొమ్మే, కాబట్టి పాత పత్రాల్లో ఆ ఒక్క కొమ్మ కనబడితే చాలు మొత్తం క్లెయిమ్ కొట్టేయొచ్చు.

మూడో రూపాన్ని దీని ముందు పెట్టి చూడండి. "కోతలో పైలట్ పడితే మొత్తం ఆపు, పడకపోతే ముక్క పంపు." మొత్తం ఆపడం పాతదే, ఎక్కడ పడితే అక్కడ దొరుకుతుంది. అంతే, క్లెయిమ్ కూలిపోయింది, రెండో కొమ్మలో ఎంత తెలివున్నా సరే. విరుగుడు పెద్ద కష్టం కాదు. "పైలట్ కోతకి ముందే ఉందని నిర్ధారించి, ఆ నిర్ధారణ ఆధారంగా ముక్క పంపడం" అని జరిగిపోయిన పనిగా రాయాలి, లేదా పరికరం క్లెయిమ్ పెట్టాలి. పరికరానికి రెండు పనులూ చేయగల సత్తా ఉండాలి కాబట్టి అక్కడ రెండు కొమ్మలూ లెక్కలోకొస్తాయి. ఇంత చిన్న మార్పుకి ఒక దరఖాస్తు చావో బతుకో తేలిపోవడం విడ్డూరమే, కానీ ఈ పనిలో ఇలాంటి విడ్డూరాలు మామూలే.

ఎవరు చేశారు, ఎప్పుడు చెప్పారు

పేటెంట్ వచ్చాక కూడా చేతికి అందాలి కదా. కంట్రోల్ సందేశం పంపేది టవర్, రద్దు చేసేది ఫోన్. రెండు పనులూ ఒకే క్లెయిమ్‌లో కలిపేస్తే ఉల్లంఘించింది ఎవరు? ఆపరేటరా, ఫోన్ కంపెనీయా? అమెరికాలో లైమ్‌లైట్, అకమై గొడవ 2014లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది ఈ ముక్క మీదే. అందుకే తెలిసినవాళ్లు ఫోన్ వైపు నుంచి ఒకటి, టవర్ వైపు నుంచి ఒకటి విడివిడిగా రాస్తారు. ఫోన్ "అందుకుంటుంది", టవర్ "పంపుతుంది".

ప్రమాణంలో "అలా జరుగుతుందని పరికరం అనుకోదు" అని రాసిన చోట ఇంకా తమాషా. ఫోన్ ఏమీ చేయదు, ఏమీ చేయనిదాన్ని క్లెయిమ్ చేయడమెలా? అక్కడ అసలు పనంతా టవర్ షెడ్యూలర్‌ది, ఢీ రాకుండా చూసుకోవడం. దాన్ని క్లెయిమ్ చేయొచ్చు, కానీ టవర్ లోపల షెడ్యూలర్ ఏం ఆలోచించిందో బయటినుంచి రుజువు చేయడం మహా కష్టం. కాగితం మీద ఘనంగా ఉండి, కోర్టులో పళ్లు లేని పేటెంట్ అది.

ఇక తేదీ. ఈ ప్రమాణాలు తయారు చేసే 3జీపీపీ మీటింగులకి కంపెనీలు పంపే పత్రాలు మీటింగ్‌కి ముందే బహిరంగ సర్వర్‌లో పడతాయి, పాస్‌వర్డ్ అక్కర్లేదు, ఎవరైనా దించుకోవచ్చు. పత్రం ఎక్కించిన మర్నాడు దరఖాస్తు వేస్తే, తన సొంత పత్రమే తన పేటెంట్‌కి ఎసరు పెడుతుంది. అమెరికాలో ఏడాది వెసులుబాటు ఉంది. యూరప్‌లో ఇలాంటి దానికి లేదు. మన చట్టంలో సెక్షన్ 31 ప్రదర్శనలకీ, పండిత సభల్లో చదివిన పేపర్లకీ 12 నెలలు ఇస్తుంది గానీ, స్టాండర్డ్స్ మీటింగ్‌ని పండిత సభ అని పేటెంట్ ఆఫీసు కంట్రోలర్‌ని ఒప్పించే సాహసం ఎవరూ చేయకపోవడమే మంచిది.

హైదరాబాద్ వైపు చూస్తే

ఈ గొడవ మనకి దూరపు చుట్టమేం కాదు. ఐఐటీ హైదరాబాద్, అక్కడే పుట్టిన వైసిగ్ నెట్‌వర్క్స్, ఇంజనీరింగ్ సేవల కంపెనీ సైయెంట్ కలిసి కోవాలా అనే ఎన్‌బీ-ఐఓటీ చిప్ చేశాయి, అంటే పైన చెప్పిన హాఫ్ డూప్లెక్స్ సంసారమే. టవర్ల మధ్య 6 కిలోమీటర్ల ఎడం ఉండే పల్లె ప్రాంతాల్ని దృష్టిలో పెట్టుకుని మన టెలికాం ప్రమాణాల సంస్థ టీఎస్‌డీఎస్ఐ తెచ్చిన 5జీఐ ప్రమాణంలోనూ ఐఐటీ హైదరాబాద్ పాత్ర పెద్దది. 2021 చివర్లో దాన్ని 3జీపీపీ రిలీజ్ 17లో కలపడానికి ఒప్పందం కుదిరింది. సెల్ ఎంత పెద్దదైతే పరికరం అంత ముందుగా పంపాలి, అంత ఎక్కువ సింబల్స్ మీద మీద పడతాయి. ఊరవతల పొలం దగ్గర పెట్టిన మోటారు కంట్రోలర్‌కి ఎదురయ్యే ఢీ, సిటీ మధ్యలో కూర్చున్న ఇంజనీరుకి సిమ్యులేషన్‌లో కనబడకపోవచ్చు. కొత్త ఢీ కనిపెట్టడానికి మనకున్న అనుకూలత అదే.

హైదరాబాద్‌లో కూర్చుని విదేశీ చిప్ కంపెనీకి పనిచేసే ఇంజనీర్లు మర్చిపోకూడనిది సెక్షన్ 39. ఇక్కడ ఉంటున్నవాళ్ల ఆవిష్కరణని ముందు విదేశంలో వేయాలంటే అనుమతి తీసుకోవాలి, లేదా ముందు ఇక్కడ వేసి ఆరు వారాలు ఆగాలి. తప్పితే ఇక్కడి దరఖాస్తు వదిలేసుకున్నట్టే లెక్క. తెలుగు రాష్ట్రాల దరఖాస్తులు చూసేది చెన్నై పేటెంట్ ఆఫీసు. 2021లో మన దేశపు మేధోసంపత్తి అప్పీల్ బోర్డుని ఎత్తేశాక, అక్కడ తిరస్కరిస్తే వెళ్లాల్సింది మద్రాస్ హైకోర్టుకి.

ఇప్పుడు టవరే రెండూ చేస్తానంటోంది

ఇన్నాళ్లూ పంచాయితీ అంతా ఒకటి ఆగాలి అన్న దాని మీద నడిచింది. రిలీజ్ 18లో ఒక అధ్యయనం మొదలుపెట్టారు, రిలీజ్ 19లో దాన్ని ప్రమాణంగా రాశారు. పేరు సబ్‌బ్యాండ్ ఫుల్ డూప్లెక్స్. డౌన్‌లింక్ స్లాట్‌లోనే ఫ్రీక్వెన్సీలో ఒక పట్టీ కోసి అప్‌లింక్‌కి ఇస్తారు, టవర్ ఒకేసారి అరుస్తూ వింటుంది. తన అరుపుకి, అటు ఎక్కడో ఉన్న ఫోన్ గుసగుసకి తేడా 100 డెసిబెల్స్‌కి పైగా, అంటే వెయ్యి కోట్ల రెట్లు. ఆ అరుపుని వినికిడిలోంచి తీసేయడం దానికదే ఒక పేటెంట్ల గని, అక్కడ యాంటెన్నాలు, ఫిల్టర్లు, సర్క్యూట్లు ఉంటాయి కాబట్టి 3(కె) భయం దాదాపు ఉండదు.

ఫోన్ మాత్రం ఇంకా హాఫ్ డూప్లెక్సే. కాబట్టి డౌన్‌లింక్ ముద్ర పడ్డ సింబల్‌లోనే ఫోన్‌కి అప్‌లింక్ దారి తెరుచుకుంటుంది, సింక్రనైజేషన్ సిగ్నల్ ఉన్న చోట నోరు మెదపకూడదన్న పాత రూలు ఇక్కడ కూడా అలాగే ఉండాలా అన్న ప్రశ్న లేస్తుంది, ఒక ఫోన్ అప్‌లింక్ పక్కనున్న ఇంకో ఫోన్ డౌన్‌లింక్‌ని పాడుచేస్తే ఆగాల్సింది ఎవరన్న ప్రశ్న దాని వెనకే వస్తుంది. రైలు భాషలో చెప్పాలంటే స్టేషన్‌లో డబుల్ లైన్ వేశారు, బయట మాత్రం సింగిల్ లైనే. కొత్త ఢీలు దండిగా ఉన్నాయి. వాటిలో చాలావాటి పేర్లు, కంపెనీలు సూచించిన పరిష్కారాలు రిలీజ్ 18 అధ్యయన నివేదిక 38.858లోనూ, దాని వెనకున్న మీటింగ్ పత్రాల్లోనూ ఇప్పటికే అచ్చయి ఉన్నాయి. ఇవాళ ఈ విషయం మీద దరఖాస్తు వేస్తే ఎగ్జామినర్ ముందుగా తెరిచేది ఆ నివేదికనే.